హాలీ కుండీలకు పుల్ల మజ్జిగ

అరబ్బుల దేశంలోని కర్జకాన్ ఊళ్లో జాసిం సార్ ఇంటి తోటపని దొరికినప్పుడు ముత్యం ఊరికి రాసిన ఉత్తరంలో ఒక్కటే సంగతి ఉంది: ఇక తాను సిమెంటు ముట్టనని. మెట్‌పల్లి దగ్గర పల్లెలో వరి, పసుపు పండించిన చేతులు మామీర్ కూలీల క్యాంపులో నాలుగేళ్లు కాంక్రీటు మోశాయి. ఇంట్లోవాళ్లు మాత్రం ముత్యం దుబాయిలో ఉన్నాడనే చెప్పుకునేవారు. ఏ దేశమైతేనేం, 1993లో వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, అతన్ని తన బావమరిది జాసిం ఇంటికి పంపాక మళ్లీ మట్టి దొరికింది. మట్టి అంటే ఇసకే అనుకోండి. అయినా మహరాజులా బతికాడు.

మూడేళ్ల తర్వాత, మార్చి నెలలో, సార్ భార్య హెలెన్ మేడం ఇంగ్లండు నుంచి ఆరు మొక్కలు తెచ్చింది. పేరు హాలీ. మోకాలెత్తు పొదలు, గోరింటాకంత ఆకు, కాని దళసరి. ఏడాది పొడుగునా ఆకు రాలదట. గుండ్రంగా కత్తిరిస్తే బంతిలా కుదురుగా నిలుస్తుందట. నీడ ఉండాలి, వేరు తడిగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. మేడం చెప్పిందంతా వంటమనిషి పాపాయమ్మ తెలుగులో చెప్పింది. ఆమెది అమలాపురం వైపు. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంది కాబట్టి మేడం ఇంగ్లీషు ఆమెకు కొట్టిన పిండి. ఈ మొక్కలు మేడం వాళ్లమ్మ ఇంటి ముందు పొదల నుంచి కొమ్మ తీసి పెంచినవని కూడా ఆమే చెప్పింది. ఆ తల్లి పోయింది, ఇల్లు అమ్మేశారు. ఇంకోసారి తెచ్చుకుందామన్నా దొరకవు.

జూన్ చివర మేడం ఇంగ్లండు వెళ్లింది. ఆ సాయంత్రమే సార్ ముత్యాన్ని పిలిచి హిందీలో ముక్తసరిగా చెప్పాడు. సెప్టెంబరులో ఆమె వచ్చేసరికి ఈ మొక్కలు చస్తే నువ్వు మళ్లీ మామీర్‌కే, ఖలాస్.

జూలైలో ఆకులు పాలిపోయాయి. ముత్యం రైతు కదా, ఎవరినీ అడగలేదు. ఊళ్లో వంకాయ మడికి వేసినట్టే బూడిద వేద్దామనుకున్నాడు. సార్ శుక్రవారం పూట మాంసం కాల్చిన బొగ్గుల బూడిదను శుభ్రంగా జల్లించి, వసారాలోని ఆరు కుండీలకూ తలా రెండు దోసిళ్లు వేశాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా. రెండు వారాల్లో రెండు మొక్కలు నిలువునా ఎండిపోయాయి.

"ఏంటి తమ్ముడూ, అన్నం కూడా తినకుండా కాలుగాలిన పిల్లిలాగ ఆ కుండీల చుట్టూ తిరుగుతున్నావ్?" అంది పాపాయమ్మ.

"ఏం జెప్పాలక్కా. రెండు సచ్చినయి. తతిమ్మయి గూడ గట్లనే అయితున్నయి. బలమని బూడిద ఏసిన."

"బూడిదా! మా అత్త కరేపాకు మొక్కకి ఓసారి పొయ్యిలో బూడిద పోసేసింది. ఇదిగో, ఇలాగే ఈనె ఆకుపచ్చగా ఉండి మిగతాదంతా పసుపు రంగు తిరిగిపోయింది. పుల్ల మజ్జిగ పోస్తే గానీ తేరుకోలేదు."

"గీ ఇంగ్లీషు చెట్టుకు సల్ల పోస్తరాక్కా?"

"పోతే ఎలాగూ పోద్ది. పోసి చూడు."

ముత్యం కుండీల్లో పైమట్టి గీకి పారేశాడు. అప్పుడు చూశాడు, కుండీ అంచుల మీద తెల్లటి ఉప్పు పొర. అది బోరునీళ్ల పని. మరి ఇంటి వెనక ఏసీ పైపుల కింద గడ్డి నిగనిగలాడుతోందెందుకు? ఆ నీళ్లలో ఉప్పు లేదన్నమాట. ఆ రోజే పైపులన్నిటి కిందా బకెట్లు పెట్టాడు. ఎండకు కాగిన ఆ నీళ్లు సాయంత్రానికి చల్లారాక, పాపాయమ్మ దాచి పులియబెట్టిన మజ్జిగ బకెట్‌కు గ్లాసు చొప్పున కలిపి, వారానికి రెండుసార్లు పోశాడు. ఆ వాసనకు కర్జకాన్ పిల్లులన్నీ వసారాలో కాపురం పెట్టాయి. ఇదేం కంపని సార్ అడిగితే, కొత్తరకం ఎరువని పాపాయమ్మ రెప్ప కొట్టకుండా చెప్పింది.

ఆగస్టు ఆఖరుకు నాలుగు మొక్కలకు ఆవగింజలంత చిగుళ్లు వచ్చాయి. ముత్యం అరిచిన అరుపుకు పాపాయమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఆ రెండూ ఎండకు పోయాయని చెప్పెయ్. ఎవరికి తెలుస్తాది?" అందామె. ముత్యం మాత్రం ఎండిన మొక్కల కుండీలను పారెయ్యకుండా బతికినవాటి పక్కనే ఉంచాడు.

సెప్టెంబరులో మేడం కారు దిగి, భుజాన సంచీతోనే వసారాలోకి వచ్చింది. వెనకే సార్. ఎండిన మొక్కల వైపు ఆమె చూడగానే ముత్యం ముందుకొచ్చాడు.

"ఎండకు గాదు మేడం. ఆ రెండు నేనే సంపిన. బూడిద ఏసిన" అని, పాపాయమ్మ వైపు తిరిగాడు. "ఉన్నదున్నట్టు చెప్పక్కా."

ఆమె చెప్పింది. సార్ మొహం గంటు పెట్టుకుని, "యల్లా, సామాన్ కట్టుకో" అన్నాడు.

మేడం చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. ఎండిన కొమ్మను గోటితో గీకి చూసింది. తర్వాత చిగుళ్లను వేలి కొసతో ముట్టుకుంటూ చాలాసేపు కూర్చుంది. లేచి సార్‌తో నెమ్మదిగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సార్ మొహంలో కోపం పోయింది. పాపాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటున్నదక్కా? పొమ్మంటున్నదా?"

"లేదు తమ్ముడూ. నువ్వు ఇక్కడే ఉండాలంట." ఆమె నోటి మీది కొంగు తీసింది. "ఇదివరకు కూడా ఇవే మొక్కలు తెచ్చారు. అన్నీ చచ్చిపోయాయి. నీకు ముందు తోటపని చేసిన దేవన్న చంపేశాడన్నారు. అదిగాదంట. అమ్మగారే నీళ్లు ఎక్కువ పోసేశారంట. అయ్యగారితో చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నారంట. అయ్యగారు అతన్ని మామీర్ పంపేశారు. మీ వైపోడే తమ్ముడూ. పోతా పోతా నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు."

తన పని నిలబడిందన్న సంతోషం ముత్యానికి నిమిషం కూడా నిలవలేదు. ఈ మూడేళ్లూ తను పడుకున్నది దేవన్న మంచం మీద. తవ్వినది దేవన్న పారతో.

"ఆయన ఇంకా ఆడనే ఉన్నడా? అడుగక్కా."

పాపాయమ్మ అడిగింది. మేడం సార్ వైపు చూసింది. సార్ నేల వైపు చూశాడు. ఆరు కుండీల ముందు నలుగురూ నిలబడ్డారు, దేవన్న ఎక్కడున్నాడో ఒక్కరికీ తెలియదు.