కృత్తికలకు క్షవరం

బడి మానేశానని నేను చెప్పుకుంటాను గాని, నిజానికి నన్ను మానేసింది బడి. ఒకే తరగతిలో ఏళ్ళ తరబడి కూర్చుంటే, నాకంటే ముందు బెంచీకే విసుగొచ్చింది. ఆ చదువుతోనే రాయ్‌పూర్ స్టేషను దగ్గర ఒక ఫోటో స్టూడియోలో నెగిటివులు దిద్దే పనిలో చేరాను. పక్క ఊరు తిల్దా బియ్యం మిల్లు షావుకార్ల ముఖాల మీద స్ఫోటకపు మచ్చలు చెరిపి, వాళ్ళ భార్యలే గుర్తుపట్టనంత అందగాళ్ళను చేసేవాణ్ణి.

అలాంటివాడికి ఆకాశం మీద కన్నెందుకు పడిందంటే, మా బావ వల్ల. అక్క మొగుడు, గూడ్సు బండి గార్డు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగువాళ్ళం ఏటా పెట్టుకునే ఫోటోల, బొమ్మల ప్రదర్శనలో గోడ మీద చోటు పంచేది ఆయనే. మచ్చలు చెరిపేవాడికి గోడ మీద చోటెందుకని అందరి ముందూ అన్నాడు. కృత్తికల ఫోటో తెస్తాను, నడిమి చోటు ఉంచమన్నాను. ఉంచాడు. తేలేకపోతే అక్కడ తను గీసిన ఎద్దుబండి బొమ్మ తగిలిస్తానన్నాడు.

స్టూడియో కెమెరా అడిగి తెచ్చాను. మడతబందుతో కలిపిన రెండు చెక్కల మీద దాన్ని కట్టి, చుక్కలు జరిగే కొద్దీ పై చెక్కను ఎత్తే మరను మెల్లగా తిప్పుతూ చలిలో పెరట్లో కూర్చున్నాను. ఈ ఓపికలో కాస్త పొయ్యి ఊదడానికి ఇస్తే బాగుండునంది మా ఆవిడ.

మర్నాడు మధ్యాహ్నం స్నానాలగది కిటికీకి కంబళి కట్టి, ఫోటో పడిన గాజు ప్లేటు మందులో కడిగాను. దీపం బావ ఇచ్చిన చేతి లాంతరే. ఎర్ర వెలుగులో ప్లేటు పాడవదు. ఆ వెలుగు చూపిస్తే రైలైనా ఆగుతుందట. మా ఆవిడ ఆగలేదు. మడినీళ్ళు లోపలున్నాయని తలుపు బాదుతూనే ఉంది.

బొమ్మను నిలిపే హైపో మందులోంచి తీసి చూశాను. నెగిటివులో చుక్కలు నల్లగా పడతాయి. ఆరు ఉండవలసిన చోట లెక్కకందనన్ని నల్ల చుక్కలు, వాటి చుట్టూ పొగచూరినట్టు మసక. కృత్తికలు ఆరని మా అమ్మమ్మ చెప్పింది, పురోహితుడు చెప్పాడు, ఎవరింట అడిగినా చెబుతారు. కాబట్టి మిగతావి మందులో కరగని పలుకులు. మసకేమో లాంతరు సందులోంచి కారిన వెలుగు. నీ లాంతరు కారుతోందని బావకు కబురు కూడా పంపాను.

ఇక నాకొచ్చిన విద్య ఉండనే ఉంది. గుర్తుకు ఒక అచ్చు తీసి పెట్టుకుని, సన్నకత్తితో చుక్క తరవాత చుక్క గీకేశాను. పలచన చేసే మందు దూదితో అద్ది మసక పోగొట్టాను. చివరికి ఆరు కృత్తికలు, తలంటు పోసుకున్నట్టు తేటగా నిలిచాయి.

ప్రదర్శనకు వచ్చినవాళ్ళు వేలు పెట్టి లెక్కపెట్టి, ఆరూ ఉన్నాయని నన్ను మెచ్చుకున్నారు. మెప్పు తలకెక్కి, ఇంకా పెద్దది తీద్దామని ఆ సాయంత్రమే మరో ప్లేటు పెట్టాను. ఈసారి మందు గుడ్డలో వడగట్టాను, స్టూడియో దీపం తెచ్చాను. కడిగితే మళ్ళీ అవే చుక్కలు. పాత అచ్చు పక్కన పెట్టి చూశాను, అవే చోట్ల. అదే మసక. మందు పలుకులు రెండుసార్లు ఒకే చోట వాలవని తెలియడానికి బడి అక్కర్లేదు. కంటికి అందని చుక్కలనూ, వాటిని చుట్టుకున్న వెలుగు మబ్బునూ కెమెరా పట్టి ఇస్తే, నేను క్షవరం చేసి పంపాను.

కొత్త అచ్చు పట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి పరిగెత్తి, జరిగిందంతా చెప్పి, గోడ మీదది దించి ఇది పెట్టమని బావను బతిమాలాను. ఆయన మసక దగ్గర వేలు ఆపాడు.

"ఇది ఏ లాంతరోయ్?"

"స్టూడియోది."

"అచ్ఛా."

ఊరంతా ఆరు లెక్కపెట్టి వెళ్ళాక ఇప్పుడు కాదంటే బాగోదని, గోడ మీదది గోడ మీదే ఉంటుందని చెప్పి డ్యూటీకి లేచాడు. గుమ్మం దగ్గర టోపీ సర్దుకుంటూ అన్నాడు:

"నిన్ను రైల్వేలోకి తీస్కోలేదు, బతికిపోనాం. టైంటేబుల్లో లేని బండి ఎదురొచ్చిందనుకో, మందు పలుకని గీకేద్దువు."