ఒకే లాగిన్‌లో ఇద్దరు

సికింద్రాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో నేను తెలుగు పాఠాలు చెబుతాను. సంధులు చెప్పమంటే చెబుతాను, ప్రతిపదార్థాలు రాయించమంటే రాయిస్తాను. అలాంటి నన్ను ఒక రోజు ప్రిన్సిపాల్ గారు తన గదికి పిలిచారు. కాలేజీ వివరాలన్నీ ఇక క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లోకి మారుతున్నాయనీ, ఆ పని చూసుకోవాల్సింది నేనేననీ చెప్పారు.

"కంప్యూటర్ సైన్స్ వాళ్లున్నారు కదా సార్?" అన్నాను.

"వాళ్లు చెప్తే ఎవరికీ సమజ్ కాదు మేడమ్. మీరైతే అందరికీ అర్థమయ్యేటట్టు చెప్తరు," అన్నారాయన.

అందరికీ చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలన్న సంగతి ఆయనకు తట్టలేదు. పొగిడారన్న సంతోషంలో నాకూ తట్టలేదు.

కంపెనీ నుంచి ఒక యువకుడు వచ్చి మాకు శిక్షణ ఇచ్చాడు. మర్యాదస్తుడు. తెర మీద బాణం గుర్తు ఎంత వేగంగా తిప్పేవాడంటే దాని వెంట చూసి చూసి నాకు తల తిరిగేది. చివరి రోజు ధైర్యం చేసి అడిగాను.

"ఇంతకీ మా పిల్లల వివరాలు ఇప్పుడు ఎక్కడున్నట్టు బాబూ?"

"క్లౌడ్‌లో మేడమ్."

"అదే, ఎక్కడ?"

"ముంబైలో ఉండొచ్చు మేడమ్. చెన్నైలో కూడా ఉండొచ్చు."

"రెండిట్లో ఏదో ఒకచోట కదా?"

"ఒకేసారి రెండుచోట్లా ఉంటాయి మేడమ్. అదే దాని గొప్పతనం."

తలూపాను. క్లాసులో నేను పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లలు ఎందుకలా తలూపుతారో ఆ రోజు తెలిసింది.

కొన్ని నెలలు బండి నడిచింది. హాజరు ఫోన్లో వేస్తున్నాం, ఇంటర్నల్ మార్కులు తిన్నగా అందులోనే ఎక్కిస్తున్నాం. కాగితం మీద మార్కులు రాసుకోవడం మానేయమన్నారు, మానేశాం. ఫైనలియర్ పరీక్షలు దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం అల్వాల్ నుంచి వచ్చే బీకాం అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. నా క్లాసు పిల్లే. తండ్రి లేడు, తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

"మేడమ్, నా హాల్‌టికెట్ల ఎవరో వేరే పిల్ల ఉంది."

ఫోన్ తీసుకుని చూశాను. పేరు ఆమెదే, ఇంటిపేరు ఆమెదే, పుట్టినరోజూ ఆమెదే. ఫోటోలో మాత్రం గుండ్రటి మొహం పిల్ల ఒకతె నవ్వుతోంది. సెకండ్ లాంగ్వేజ్ హిందీ అని ఉంది.

"నువ్వు చదివింది తెలుగే కదమ్మా?" అన్నాను. అనుమానం ఎవరి మీదో నాకే తెలియదు.

"గదేంది మేడమ్! మీ క్లాసులనే కదా కూసున్న," అంది బిత్తరపోయి.

వెతికితే ఆ గుండ్రటి మొహం కూడా మా కాలేజీలోనే దొరికింది. బీకాంలోనే ఇంకో సెక్షన్. బోయిన్‌పల్లి అమ్మాయి, తండ్రికి కూరగాయల మార్కెట్లో టమాటాల దుకాణం. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాను. మూడేళ్లుగా ఒకే గేటులోంచి వస్తూ పోతూ ఉన్నా ఒకరికొకరు తెలియదు.

"నీ పేరు సుత గిదేనా?" అంది అల్వాల్ అమ్మాయి.

"అవు. పుట్టినరోజు గూడనా?"

ఇద్దరూ ఒకేసారి తేదీ చెప్పి పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అల్వాల్ అమ్మాయి వివరాలు ఎక్కడికి పోయాయో, పరీక్ష ఎలా రాయాలో నాకు పాలుపోలేదు.

కంపెనీ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను. పేరూ పుట్టినరోజూ ఒకటే కావడంతో ఒకే మనిషి రెండుసార్లు ఎక్కిందనుకుని హాల్‌టికెట్లు తయారుచేసేటప్పుడు సిస్టమ్ ఇద్దరినీ కలిపేసిందట.

"టికెట్ రైజ్ చేశాను మేడమ్," అంది అవతలి గొంతు.

హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు నా ఫోన్‌కి సందేశం వచ్చింది, మీ టికెట్ పని పూర్తయిందని. వెంటనే అల్వాల్ అమ్మాయికి చెప్పాను, హాల్‌టికెట్ వచ్చేసిందమ్మా అని. ఆమె ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి పరుగెత్తి, కాసేపటికి కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. చేతిలో మళ్లీ ఆ గుండ్రటి మొహమే.

మళ్లీ ఫోన్ చేశాను.

"టికెట్ అంటే మీ కంప్లైంట్ మేడమ్, హాల్‌టికెట్ కాదు."

"మరి పూర్తయిందన్నారు?"

"మీకు జవాబు పంపాం కాబట్టి పూర్తయింది."

"ఏం జవాబు?"

"కలిసిపోయిన వాళ్లను విడదీయడం కుదరదని."

ఫోన్ పెట్టేసి ఎదురుగా చూశాను. మా అమ్మాయిలిద్దరూ నా కళ్ల ముందు విడివిడిగానే ఉన్నారు. ఒకతె జడ అల్లుకుంటోంది, ఇంకొకతె సమోసా తింటోంది. ముంబైలోనో చెన్నైలోనో మాత్రం ఒకతే ఉంది. ఎవరిని నమ్మాలి?

ఇంకో చిక్కు. ఇద్దరికీ కలిపి మిగిలిన ఆ ఒక్క లాగిన్ తెరిచి వివరాలు చూద్దామంటే, ఇప్పుడు ఓటీపీ అడగడం మొదలుపెట్టింది. అది బోయిన్‌పల్లి అమ్మాయి తండ్రి ఫోన్‌కి పోతుంది. ఆ అమ్మాయి ఉంటే తండ్రిని అడిగి చెప్పేది, కానీ ఒక రోజు ఆమె కాలేజీకి రాలేదు. ఆయన నంబరుకి నేనే చేశాను. వెనక వేలంపాటల కేకలు, లారీల హారన్లు.

"ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పిన్రు. మీరు నిజంగ కాలేజీ మేడమేనా?" అన్నాడాయన.

రుజువుగా ఒక విద్యార్థిని గొంతు వినిపిద్దామని స్పీకర్ నొక్కాను. పక్కనున్న అల్వాల్ అమ్మాయికి ఫోన్ ఇచ్చాను.

"ఎవరు?" అన్నాడాయన గట్టిగా. ఆమె తన పేరు చెప్పింది. అబద్ధమేమీ కాదు.

"నువ్వా బిడ్డా! జెర ఆగు, చూస్తున్న," అని అంకెలు చదివి, "గొంతేంది గట్లుంది? జలుబు చేసిందా?" అన్నాడు.

ఈ పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసింది. "అవు నాయినా," అంది.

ఫోన్ నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది. నంబర్లు మరిచిపోతానేమోనన్న కంగారులో నేను వాటిని కొట్టడం మొదలుపెట్టాను.

మర్నాడు బోయిన్‌పల్లి అమ్మాయి వచ్చి నా దగ్గర మొత్తుకుంది. "ఏందో మేడమ్, మా నాయిన పరేషాన్ చేస్తున్నడు. నాకు జలుబైందంట. రాత్రి అల్లం, మిరియాలేసి కషాయం తాపిచ్చిండు. నాకేమన్న జలుబుందా? మీరే చూడున్రి." అల్వాల్ అమ్మాయి ఆమెను పక్కకు తీసుకెళ్లి జరిగింది చెప్పింది. ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో నాకు వినిపించలేదు. ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరూ ఒకే డబ్బాలో తినడం మాత్రం చూశాను.

చివరికి ప్రిన్సిపాల్ గారు కంపెనీ పెద్దవాళ్లతో గట్టిగా మాట్లాడారు. అల్వాల్ అమ్మాయిని సిస్టమ్‌లో కొత్తగా చేర్చుకుంటాం, యూనివర్సిటీ దగ్గరున్న పాత మార్కులు తెచ్చి పెడతాం అన్నారు వాళ్లు. కానీ ఈ సెమిస్టర్ ఇంటర్నల్ మార్కులు ఉన్నది ఆ కలిసిపోయిన చోటే. మిగతా పేపర్లలో ఎవరివెవరివో టీచర్లు ఎలాగో తేల్చారు. అకౌంట్స్‌లో మాత్రం ఒకే పేరు కింద రెండు మార్కులు కనిపించాయి. ఒకటి బాగా ఎక్కువ, ఒకటి మరీ తక్కువ. ఏది ఎవరిది? అకౌంట్స్ మేడమ్ రెండు సెక్షన్లకీ చెబుతుంది, ఆవిడకు గుర్తు లేదు. జవాబు పత్రాలు అప్పుడే పిల్లలకు ఇచ్చేశారట, వాళ్లు ఎక్కడో పారేశారు.

ఇద్దరినీ పిలిచాం. ఎక్కువ మార్కుల కోసం పేచీ పెట్టుకుంటారని నాకు లోపల గుబులు.

"ఎక్కువది ఆమెదే మేడమ్," అంది అల్వాల్ అమ్మాయి. "నాది తక్కువ."

"లే మేడమ్, తక్కువది నాదే," అంది బోయిన్‌పల్లి అమ్మాయి. "ఆ రోజు సగమే రాసిన."

"నేను సుత సగమే రాసిన."

"ఇద్దరూ సగమే రాస్తే మరి ఆ మార్కులు ఎవరికి వేశానే నేను?" అంది అకౌంట్స్ మేడమ్ తల పట్టుకుని.

నేను ఆ రెండు మొహాల్లోకి మార్చి మార్చి చూశాను. నిజంగానే ఇద్దరూ బాగా రాయలేదనుకుంటున్నారా? లేక ఎదుటి పిల్లకు ఇచ్చేద్దామని చూస్తున్నారా? ఇన్నేళ్లు పాఠం చెప్పాను, పిల్లల మొహం చూస్తే అబద్ధం పట్టేస్తానని ఇంట్లో గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ రోజు ఏమీ పట్టలేకపోయాను.

"అన్నీ వదిలేయండి. మళ్లీ పరీక్ష పెడతా," అంది అకౌంట్స్ మేడమ్.

స్టాఫ్‌రూమ్‌లోనే టేబుల్‌కి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చుని రాశారు. నేను మధ్యలో కాపలా. ఇద్దరూ తలెత్తకుండా రాశారు. దిద్దితే బోయిన్‌పల్లి అమ్మాయికి కాస్త ఎక్కువ వచ్చాయి, అల్వాల్ అమ్మాయికి కాస్త తక్కువ. పాత మార్కులకూ వీటికీ పొంతనే లేదు. ఆ పాత ఎక్కువ మార్కులు ఎవరివో మాకు తేలనే లేదు.

పరీక్షలకు ముందురోజు అల్వాల్ అమ్మాయి హాల్‌టికెట్ తన ఫోటోతో వచ్చింది. నాలుగుసార్లు చూసి, వెనక్కి తిప్పి కూడా చూసింది. ఇద్దరూ పాసయ్యారు. మార్కుల మెమోలు తీసుకోవడానికి కలిసే వచ్చారు. సంతకాలు పెట్టించుకుంటూ నేను మెల్లగా అడిగాను.

"ఇప్పుడైనా చెప్పండే. ఆ తక్కువ మార్కులు ఎవరివి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమో మేడమ్, మాకు సుత తెల్వదు," అంది ఒకతె. రెండో పిల్ల మెమో ఫోల్డర్‌లో పెట్టుకుంటూ తలూపింది. బోయిన్‌పల్లి దాకా ఒకే ఆటోలో పోతామని చెప్పి వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొత్త బ్యాచ్ వచ్చింది. వాళ్లంతా మొదటి రోజు నుంచే క్లౌడ్‌లో ఉన్నారు. క్లాసులో ఫోన్ చూస్తూ పేరు పిలుస్తాను. "ప్రెజెంట్ మేడమ్" అన్న గొంతు వినపడగానే వేలు ఆపి తలెత్తి ఆ పిల్ల మొహం చూస్తాను. దీనివల్ల హాజరుకే చాలా టైమ్ పడుతోంది, పాఠం వెనకబడుతోంది. అలా చూసి ఏం తెలుసుకుంటున్నానో మాత్రం నాకూ సరిగా చెప్పడం రాదు.