ముప్పై ఒకటో పేరు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి రెండు కారణాలు. నలభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. వచ్చిన తర్వాత కూడా, కాగితం మీద నరసమ్మక్క పేరు రాయగానే చెయ్యి ఆగిపోయేది.

2023లో నేను ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఒక అపార్టుమెంటు బేస్‌మెంటు గదిలో పెద్దవాళ్ల చదువు క్లాసు నడిపేదాన్ని. ఇక్కడ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు కొన్ని వంటకీ, పసిపిల్లల్ని చూసుకోవడానికీ మన వైపు నుంచి ఆడవాళ్లను తెచ్చుకుంటాయి. నేనూ అలాగే వంటమనిషిగా వచ్చి, ఆ గదిలోనే అక్షరాలు నేర్చుకున్నాను. క్లాసు పెట్టిన చిన్న సంస్థ తర్వాత నన్నే టీచరుగా తీసుకుంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా, పసివాళ్లు నిద్రపోయే వేళ, మా బడి.

టీచర్లకు ఉచితంగా దొరికే వాటితోనే నెట్టుకొచ్చేవాళ్లం. వర్క్‌షీట్లు, అంటే దిద్దుకునే కాగితాలు, నెట్‌లోంచి దింపి ప్రింటు తీసేవాళ్లం. అన్నిటికంటే పనికొచ్చింది ఒక క్లాసు యాప్. టీచరు తన ఫోన్‌లో పేర్లు చేరుస్తుంది. ప్రతి మనిషీ తన ఫోన్‌లో తన పేరు నొక్కి, పాఠం విని, వేలితో అక్షరం దిద్దుతుంది. సరిగ్గా దిద్దితే నక్షత్రం వెలుగుతుంది. డబ్బు కట్టకుండా వాడుకోవడాన్ని ఫ్రీ ప్లాన్ అంటారు. దానికి ఒక హద్దు ఉంటుంది. మా యాప్‌లో అది ముప్పై పేర్లు. ముప్పై ఒకటో మనిషి వస్తే, రావడం మానేసినవాళ్ల పేరు ఒకటి తీసేసి ఆ చోటు ఇచ్చేదాన్ని. అది మాకు మామూలే.

అప్పలనరసమ్మది విజయనగరం వైపు. యాభై ఎనిమిదేళ్లు. తొమ్మిదో అంతస్తులో కవల పిల్లల్ని చూసుకునేది. మొదటి రోజు ఆమె పేరు తెలుగులో కొట్టి ఫోన్‌లో చూపించాను.

"ఓలమ్మో, ఇదంతా నా పేరేటి?"

"అంతా నీదే అక్కా."

"పేరెట్టిన్నాడు మా అయ్యకి తెల్దు గావాల, ఇది రాసుకోవాలని. తెలిస్తే సీత అని ఊరుకుందుడు."

గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి పాఠం మొదలుపెట్టే ముందు ఆమె ముప్పై పేర్ల మీదుగా వేలు జరుపుకుంటూ వచ్చి తన పేరు దగ్గర ఆపేది. "ఉన్నాను" అనుకునేది, పైకే. అప్పుడు గానీ అక్షరం ముట్టుకునేది కాదు.

జనవరిలో రావడం మానేసింది. ఆయాసంగా ఉందని పని వదిలేసి వైశాలిలో కూతురి గదికి వెళ్లిందని ఆ ఇంటివాళ్లు చెప్పారు. రెండు రోజులు ఫోన్ చేశాను, కలవలేదు. వైశాలి ఆటోలో పావుగంట. నేను వెళ్లలేదు.

ఫిబ్రవరిలో పార్వతి అనే కొత్త అమ్మాయి వచ్చింది. పేరు ఎక్కించమని మూడు రోజులు వెంటపడింది. ముప్పై నిండి ఉన్నాయి. నరసమ్మక్క రాక నెల కావస్తోంది. ఆమె పేరు మీద వేలు పెట్టాను. యాప్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఎప్పుడూ అడిగేదే కదా అని ఎర్ర బొత్తాం నొక్కి పార్వతిని చేర్చాను. అర నిమిషం కూడా పట్టలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం క్లాసు అయ్యాక ఒకమ్మాయి మెట్లు దిగి వచ్చింది. చేతిలో మా వర్క్‌షీట్ల కట్ట.

"రత్నం ఆంటీ మీరేనా? నేను లక్ష్మిని, అప్పలనరసమ్మ గారమ్మాయిని. అమ్మ పోయి పన్నెండు రోజులైంది. ఈ కాగితాలు మీవని తెచ్చా."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. గుండె జబ్బట. ఆస్పత్రికి చేరేసరికే ఆలస్యమైందన్నారట.

"ఆంటీ, ఒకటి అడగనా? అమ్మ పేరెందుకు తీసేశారు?"

"నీకెలా తెలుసమ్మా?"

"రోజూ చూసుకునేది కదా. రీచార్జ్ లేక కాల్స్ బంద్ అయిపోయాయి. కింద మకాన్ మాలిక్, అదే ఇంటి ఓనరు వాళ్ల వైఫైతో ఆ యాప్ ఒక్కటే నడిచేది. నేను పార్లర్‌కి వెళ్లేలోపు దిద్ది చూపించేది. ఒక పొద్దున పేరు కనపడ్లేదు. ఫోనే పాడైందేమోనని మూడుసార్లు ఆపి ఆన్ చేసింది. మీకు నా ఫోన్‌తో కాల్ చేస్తానంటే వద్దంది. 'ముసిల్దానికి ఎంత సెప్పినా రాదని ఇసిగిపోనాది గావాల, ఆయమ్మనేటీ అడక్కు' అంది. మళ్లీ ఫోన్ ముట్టుకోలేదు."

నేను నిజమే చెప్పాను. "చోటు లేక తీశానమ్మా. మానేసిందనుకున్నాను."

"చోటే కదా ఆంటీ. ఒక్క మాట అడిగుంటే అమ్మే ఇచ్చేసేది."

కోపంగా అనలేదు. చున్నీ సర్దుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం సంస్థలో కంప్యూటరు పని చూసే నేహ దగ్గరకు వెళ్లాను. నా ఫోన్‌లో ప్రతి పేరు కింద ఒక ఇంగ్లీషు వరస ఉంటుంది, చిన్న అక్షరాల్లో. అదేమిటని అడిగాను.

"లాస్ట్ యాక్టివ్, దీదీ. ఎవరు ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో చెప్తుంది. ఆప్‌కో పతా నహీ థా, మీకు తెలీదా?"

నాకు తెలుగు వచ్చు, హిందీ కూడబలుక్కుంటాను. ఇంగ్లీషు రాదు. చదువు లేని రోజుల్లో బస్సు బోర్డయినా, మందు సీసా అయినా, అర్థం కాని అక్షరాలను దాటి చూపు పక్కకు తిప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. టీచరునయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. నేను బొత్తాం నొక్కిన రోజు ఆమె పేరు కింద ఏం రాసి ఉందో ఎవరినీ అడగక్కర్లేదు. ఆమె ఆ పొద్దున కూడా దిద్దే ఉంటుంది.

ఉచితంగా దొరికే వాటిని నేను తప్పుపట్టను. అవి లేకపోతే ఆ గదిలో బడే లేదు. ముప్పై అన్న హద్దు యాప్‌ది. గదికి రానివాళ్లు చదువు మానేసినట్టే అన్న తీర్పు నాది. నేర్పేవాళ్లు ఒక మనిషిని తీసేసే ముందు ఆ మనిషి గుమ్మం దాకా వెళ్లాలని నాకు తెలిసింది. తెలిసేసరికి ఆ గుమ్మంలో ఆమె లేదు.

ఆ రాత్రి అంతకుముందు తీసేసిన పేర్లు గుర్తు చేసుకున్నాను. నలుగురే గుర్తొచ్చారు.

మర్నాడు పొద్దున ఏడింటికి, పనివాళ్లు లోపలికి వచ్చే వెనక గేటు దగ్గర నిలబడ్డాను. ఆ నలుగురిలో ముందుగా పైడమ్మ కనిపించింది. నన్ను చూసి తల తిప్పుకుంది. ఎదురెళ్లాను.

"పైడమ్మా, అప్పుడు నీ పేరు తీసేసింది నేనే. నీతో ఒక్క మాటైనా చెప్పలేదు."

"తెల్సు" అంది, ఆగకుండా.

"మరి అడగలేదేం?"

"మాం అడుగుతామేటి టీచరమ్మా?"

పనికి వేళవుతోందని లిఫ్టు వైపు నడిచింది. ఆమెతో పాటు నేనూ ఎక్కాను.