మూడంచుల ఫొటో

నా చిన్నప్పుడు, పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరంలో, వానలు మొదలైన వారం, ఒక గురువారం. తారీఖు చెప్పలేను. అప్పటికి నాకు డైరీ రాసే అలవాటు లేదు. ఆ లోటుకు ఇప్పటికీ నా మీద నాకే విసుగు. స్థలం ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు. ఉన్నవాళ్ళు: మా తాతయ్య, మా అవ్వ, బాపు, అక్క, నేను. అమ్మ పొలానికి పోయింది.

అక్క అంటే సొంత అక్క కాదు, అవ్వ తమ్ముడి కూతురు. తల్లి పోయాక మా ఇంట్లోనే పెరిగింది. ఆమెను మా చిన్నాయనకు, అంటే బాపు తమ్ముడికి, ఇవ్వాలని ఎప్పుడో మాట అనుకున్నారు. చిన్నాయన బొంబాయి మిల్లుకు పోయి మూడేళ్ళయింది. పెళ్ళయితే చిన్నమ్మా అని పిలవాల్సిన మనిషిని, కాలేదు గనుక, అక్కా అని పిలిచేదాన్ని.

ఆ రోజు కామారెడ్డి నుంచి వస్తున్న బండివాడొకడు ఒక కవరు ఇచ్చిపోయాడు. బొంబాయి రైలు దిగిన మనిషెవరో మా ఇంట్లో ఇమ్మని అతని చేతిలో పెట్టాడట. ఇంకేమైనా చెప్పాడా అంటే బండివాడికి గుర్తులేదు. కవరులో ఉత్తరం లేదు, ఒక ఫొటో ఉంది. అందులో చిన్నాయన నిలబడి ఉన్నాడు. తెల్ల ధోవతి, భుజాన కండువా, మెడలో పూలదండ.

ఆ దండ దగ్గరే అందరి బుద్ధీ ఆగిపోయింది. అప్పటికి మేం చూసిన ఫొటో ఒక్కటే, గడీలో దొర తండ్రిది. ఆయన పోయాకే అది గోడకెక్కింది, దానికెప్పుడూ దండ ఉండేది. ఫొటోలో దండ ఉంటే మనిషి లేనట్టేనని మా వాళ్ళ లెక్క. కళ్ళు తెరిచి నిలబడ్డాడు కదా అని నేనంటే, బతికున్నప్పటి బొమ్మకే తర్వాత దండ గీసి కలుపుతారని బాపు నన్ను గదమాయించాడు. ఉత్తరం లేకపోవడం ఆయనకు ఇంకో సాక్ష్యం. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి వాడకట్టంతా వచ్చింది. ఒకామెకు మొహం పాలిపోయినట్టు కనిపించింది, ఇంకొకామెకు కాళ్ళు నేలకు ఆననట్టు కనిపించింది. ఫొటో చేతులు మారుతూనే ఉంది. దాన్ని చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

సాయంత్రానికి మాటలు అక్క మీదికి మళ్ళాయి. ఆమె అడుగు మంచిది కాదన్నారు. ఆదివారం కర్మ మొదలుపెడదామని, ఆ రోజే ఆమె గాజులు తీయించాలని అన్నది ఎవరో కాదు, ఆమెను ఒళ్ళో పెంచిన అవ్వే. పుస్తె పడని పిల్లకు గాజులు తీయించడమేమిటని అడిగినవాళ్ళు లేరు. ఒకసారి తీస్తే ఇక ఆ పిల్లను చేసుకోవడానికి ఎవరూ ముందుకు రారని అందరికీ తెలుసు. అక్క చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది, తల ఎత్తలేదు.

తాతయ్య ఒక్కడే ఏడవలేదు. ఆయన చాలా ఏళ్ళు భూముల సర్వేలో కొలత గొలుసు లాగిన మనిషి. ఫొటోను వెనక్కి తిప్పి చూశాడు, తలకిందులుగా చూశాడు, అంచుల వెంట బొటనవేలు నడిపాడు.

"నడుమ చూసెటోడు పంటను చూస్తడు. గెట్టు చూసెటోడు పొలాన్ని చూస్తడు" అన్నాడు. "గీడ చూడు బిడ్డా. మూడు దిక్కుల గెట్టున్నది. నాలుగోది ఏది?"

నిజమే. మూడు వైపులా తెల్లటి అంచు ఉంది. నాలుగో వైపు లేదు. అక్కడ కాగితాన్ని కత్తితో కోసేశారు.

ఆదివారం దాకా ఎవరూ ఏమీ చేయొద్దని చెప్పి, శుక్రవారం తెల్లవారగానే బండి కట్టించాడు. తనకు చూపు ఆనదు గనుక నా కళ్ళు కావాలన్నాడు. దారంతా బురద. రెండు చోట్ల దిగి చక్రం తోయాల్సి వచ్చింది. కామారెడ్డిలో స్టేషను దగ్గర ఫొటోలు తీసే ఆయన భూతద్దం పెట్టి చూసి, ముందు నన్నే అడిగాడు, కండువా ఎటు పోతున్నదని. భుజం మీది కండువా కిందికి వేలాడాలి. ఇది వేలాడలేదు. కోసిన అంచు వైపు బిగుసుకుని పోయింది.

"గుంజి కట్టినట్టున్నది, పెద్దాయనా. కొంగుముడి ఆ సగంల ఉంటది. గిది పెండ్లి ఫొటో" అన్నాడు. తాను తీసిన పెళ్ళి ఫొటోలు రెండు తెచ్చి పక్కన పెట్టాడు. అవే దండలు, అదే బిగుసుకున్న కండువా, అవతల పెళ్ళికూతురు.

కొడుకు బతికున్నందుకు నవ్వాలో, ఈ పనికి తిట్టాలో తెలియక, తాతయ్య చాయ్ తాగుతావా అని నన్ను మూడుసార్లు అడిగాడు. చాయ్ మాత్రం ఇప్పించలేదు.

శనివారం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం. బాపు ఒక పట్టాన ఒప్పుకోలేదు. రెండు రోజులు నమ్మిన చావును వదులుకోవడం ఆయనకు కష్టమైంది. అవ్వ ఫొటో కేసి చాలాసేపు చూసింది.

"సచ్చిండనుకొని రెండు దినాలు ఏడ్చిన. గిప్పుడు నన్నేం జెయ్యమంటవ్?" అని తాతయ్యను నిలదీసి, తర్వాత కొడుకును తిట్టడం మొదలుపెట్టింది. గాజుల మాట ఇక ఎవరూ ఎత్తలేదు. తప్పయిందని అక్కతో అన్నవాళ్ళూ లేరు.

మర్నాడు పొద్దున అక్క నాకు తల దువ్వుతుంటే, గెట్టు సంగతి, కండువా సంగతి గొప్పగా చెప్పాను. ఆమె దువ్వెన ఆపలేదు.

"కండువ నేను గురువారమే చూసిన" అంది.

మరి చెప్పలేదేమని అడిగాను.

"నేను జెప్తే కడుపుమంటతోని అంటున్నదందురు. అయినా నన్నెవరన్న అడిగిండ్రా?"

మరి గాజులు తీస్తే ఏం చేసేదానివన్నాను. తియ్యనిస్తనా అంది.

నేను జడ సగంలోనే లేచి పరుగెత్తి తాతయ్యతో చెప్పాను. ఆయనకు ముందు కోపం వచ్చింది. పోను ఒక రోజు, రాను ఒక రోజు, అరుగు మీద కూర్చున్న మనిషిని అడగని పాపానికి. కండువా దులిపి భుజాన వేసుకుని, ఫొటో పట్టుకుని అక్క దగ్గరికి పోయి, ఆమె ముందు నేల మీదే కూర్చున్నాడు.

"ఇంకేం చూసినవ్ బిడ్డా?" అని అడిగాడు.

అక్క ఫొటో అందుకుని కోసిన అంచు మీద వేలు పెట్టింది. "పెండ్లి దాచెటోడైతే ఫొటోనే పంపకపోయెటోడు, మామా. జెప్పాలనే ఉన్నది. జెప్పే ధైర్యమే లేదు. గసోంటోని కోసం మూడేండ్లు ఎదురుచూసిన."

ఫొటో తిరిగి ఆయన చేతిలో పెట్టి, నా మిగతా జడ అల్లడానికి నన్ను పిలిచింది.

అంచులు చూడటం తాతయ్య దగ్గర నేర్చుకున్నాను, అది నాకు చాలాసార్లు పనికొచ్చింది. కానీ ఆ ఆదివారం నుంచి నేను వదలని అలవాటు మరొకటి ఉంది. ఏ కాగితం గురించైనా నలుగురు గట్టిగా వాదిస్తుంటే, ఆ గదిలో మాట్లాడకుండా పని చేసుకుంటున్న మనిషి దగ్గరికి ముందు పోతాను. పోయి, ఏం చూశావని అడుగుతాను.