ఉస్తాద్ బండి నా షెడ్డు దాటి పోయింది

ఉస్తాద్ పాత డీజిల్ జీపును ఒక ట్రాక్టర్ తాడు కట్టి లాక్కుపోతుంటే నేను నా షెడ్డు ముందు నిలబడి చూశాను. పసుపు బస్తాలు దింపి వస్తున్న ట్రాక్టర్ అది. వెనక జీపులో స్టీరింగ్ పట్టుకుని ఉస్తాద్ కూర్చున్నాడు. ఆర్మూర్‌లో నా మెకానిక్ షెడ్డు రోడ్డు మీదే ఉంది, బోర్డు కూడా చిన్నదేమీ కాదు. ఆగుతాడనుకుని చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లాను. ఆగలేదు. "ఉస్తాద్!" అని అరిచాను. తల కూడా తిప్పలేదు. ట్రాక్టర్ పెర్కిట్ వైపు సాగిపోయింది. అటువైపు ఎవరి షెడ్డు ఉందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

చిన్నోడిది. ఆ పేరు ఉస్తాద్ పెట్టిందే. మేమిద్దరం ఆయన దగ్గరే పని నేర్చుకున్నాం. వయసులో నేను పెద్ద కాబట్టి నేను పెద్దోణ్ణి, వాడు చిన్నోడు. వాడు తర్వాత దుబాయ్ పోయి వచ్చాడు. వస్తూనే షెడ్డుకు టైల్స్ వేయించాడు. మెకానిక్ షెడ్డుకు టైల్స్ ఏమిటండీ! వచ్చినవాళ్లకు కుర్చీలు, మీద ఫ్యాను, ఛాయ్. నా దగ్గరికి వచ్చినవాళ్లు పాత టైరు మీద కూర్చుంటారు. వాడి పని నా పనికంటే గొప్పదని జనం పోరు, వాడు నవ్వుతూ మాట్లాడతాడని పోతారు. ఇదంతా నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేదని మా ఆవిడ అంటుంది.

కానీ ఉస్తాద్ జీపు వేరు. ఉస్తాద్ అంటే ఈ చుట్టుపక్కల చెవికి పేరు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఏ బేరింగ్ లూజైందో, ఏ వాల్వ్ కొట్టుకుంటోందో ఒక్క బోల్టు విప్పకుండా చెప్పేసేవాడు. ముప్కాల్ నుంచి, నవీపేట్ నుంచి బండ్లు తెచ్చి ఆయన చెవి కోసం కూర్చునేవాళ్లు. "ఇంజన్ లోపల ఏది ఖరాబైనా నూనెతోనన్న అయితది, నీళ్లతోనన్న అయితది, డీజిల్‌తోనన్న అయితది. ఇప్పకముందే గది ఏదన్నది చెప్పాలె. ఇప్పినంక చెప్పెటోడు మెకానిక్ గాదు, పోస్టుమార్టం డాక్టర్" అనేవాడు. సిలిండర్‌లోకి డీజిల్ చల్లే నాజిల్ కారితే ఆ ఒక్క సిలిండర్ టక్ టక్‌మని కొడుతుందనీ, డీజిల్ పైపులు ఒక్కొక్కటే లూజు చేస్తూ పోతే ఏ పైపు దగ్గర చప్పుడు ఆగితే అదే దొంగ నాజిల్ అనీ నేర్పింది ఆయనే. అది నాకు ముందు పట్టుబడింది. చిన్నోడు చాలా రోజులు తడుముకున్నాడు. "నా చెవి నీకొచ్చింది రా" అని ఉస్తాద్ నాతోనే అన్నాడు, వాడితో కాదు.

మరి ఆయన బండి వాడి దగ్గరికి ఎందుకు పోయినట్టు?

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కూడా అదే గొణుగుతుంటే మా ఆవిడ గరిటె పట్టుకుని నవ్వింది. "గా మనిషి పేరు తియ్యకుంటే బుక్క దిగదా నీకు? సవతి మీద పడ్డట్టు పడ్తున్నవ్" అంది. నాకు కోపమొచ్చి పెరుగు వద్దన్నాను. వద్దంటే వద్దని గిన్నె తీసేసింది.

మరునాడు పొద్దున పెర్కిట్ పోయాను. చిన్నోడి దగ్గర బేరింగులు ఊడబీకే పుల్లర్ అడిగి తెచ్చుకుందామని సాకు. నా దగ్గర మంచి పుల్లర్ ఉందని వాడికీ తెలుసు. షెడ్డు ముందు రేకుల నీడలో ఉస్తాద్ రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. నేను వెనక వైపు నుంచి లోపలికి పోయాను. జీపు ఇంజన్ మొత్తం విప్పి ఉంది.

"ఆయిల్ పంపు పోయింది అన్నా. ఉస్తాద్‌కు గదే చెప్పిన" అన్నాడు చిన్నోడు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. నూనె అందక చెడిన ఇంజన్ అయితే బేరింగులన్నీ గీరుకుపోయి నల్లబడాలి. బల్ల మీద పెట్టిన బేరింగులు చూశాను. ఉండాల్సినట్టే ఉన్నాయి. ఆయిల్ పంపు తిప్పి చూశాను, బంగారంలా తిరుగుతోంది. నీళ్లు ఎండిపోయిన జాడ కూడా లేదు. అప్పుడు పిస్టన్లు చూస్తే బల్ల మీద ఒకటి తక్కువ ఉంది. బల్ల కింద గోనె సంచి ఎత్తుగా కనబడింది. లాగాను.

మూడో పిస్టన్. నెత్తిన బొక్క. అంచులు కరిగి మైనంలా కిందికి జారి ఉన్నాయి. కారే నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చల్లదు, ధారగా పోస్తుంది. ఆ మంట ఒకే చోట తగిలి తగిలి పిస్టన్ కాలిపోతుంది. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. రోజుల తరబడి ఆ సిలిండర్ సుత్తితో కొట్టినట్టు కొట్టుకుని ఉండాలి.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. దొరికాడు! ఇది కూడా తెలియకనన్నా ఉండాలి, లేదా తెలిసీ మంచి పంపును మార్చి ఉస్తాద్‌నే మోసం చేస్తూనన్నా ఉండాలి. రెండింట్లో ఏదైనా నాకు సమ్మతమే. పిస్టన్ చేతిలో పట్టుకుని, ఉస్తాద్‌కు వినబడాలని గొంతు పెంచాను.

"ఉస్తాద్! పంపు గాదు, నాజిల్! మూడో పిస్టన్‌కు బొక్క వడ్డది. గంతగనం కొట్టుకుంటుంటే నడిపినోనికి వినవడలేదా?"

ఉస్తాద్ ఛాయ్ ఊదుకుంటున్నాడు. వీపు కదలలేదు.

ఇంకోసారి పిలిచాను. షెడ్డు రేకులు మోగాయి. ఆయన గ్లాసు పక్కన పెట్టి రోడ్డు మీద పోయే లారీని చూస్తున్నాడు.

చిన్నోడు నా చేతిలోంచి పిస్టన్ తీసుకున్నాడు. గోనెలో చుట్టి మళ్లీ బల్ల కిందికి తోశాడు. "ఎంత మొత్తుకున్నా ఆయనకు వినవడది అన్నా. ముంగట్కి పోయి మాత్రం చెప్పకు" అన్నాడు. మెల్లగా అన్నాడు, ఎప్పటిలా నవ్వుతూ కాదు.

వీడికి నాజిల్ సంగతి మొదటే తెలుసు. ఉస్తాద్ సంగతి కూడా తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో, ఎన్నిసార్లు ఆయన ఇంటికి పోతే తెలిసిందో. నేను దసరాకు జమ్మి ఆకు ఇచ్చి కాళ్లు మొక్కి వచ్చేవాణ్ణి, అంతే.

అప్పటికి ఉస్తాద్ ఇటు తిరిగి నన్ను చూశాడు. ముఖమంతా నవ్వైంది.

"పెద్దోడా! ఎప్పుడొచ్చినవ్ రా? ఇంజన్ జూసినవా? చిన్నోడు పంపు అంటుండు. నువ్వు జెప్పు, పంపేనా?"

చిన్నోడు పానా పట్టుకుని నా వంక చూడకుండా నిలబడ్డాడు. ఉస్తాద్ మాత్రం నా నోటి వైపే చూస్తున్నాడు, పరీక్ష పెట్టినప్పుడు చూసినట్టు కాదు, పరీక్ష రాసినవాడు చూసినట్టు.

"పంపే ఉస్తాద్" అన్నాను.

ఆయన తల ముందుకు వంచాడు. ఇంకా గట్టిగా అన్నాను. వినబడలేదు. చిన్నోడు పానా కింద పెట్టి, ఆయనకు ఎడమ పక్కన వంగి, "పంపే అంటుండు!" అని చెప్పాడు. ఏ చెవి పనిచేస్తుందో కూడా వాడికి తెలుసు.

ఉస్తాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. "గదే మరి. పంపు పోతే ఇంజన్ ఒక్కసారే పట్టేస్తది. ముందుగాల సప్పుడు చేసుంటే నాకు వినవడకపోవునా!" అని తొడ చరుచుకున్నాడు. కాసేపటికి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "నీ కాడికి తేలేదని కోపమొచ్చిందా రా?"

లేదని చెప్పడానికి నేను ఆయన ఎడమ వైపుకు పోయాను. చిన్నోడు జరిగి నాకు చోటిచ్చాడు. దానికి కూడా నాకు ఒళ్లు మండింది.