జాబితాలో పేరు లేని పదహారో నంబరు

కిన్‌లారిగ్ ఫుట్‌బాల్ మైదానంలో మైకు నాది. ముప్పై ఏళ్లుగా ఆటగాళ్ల పేర్లు చదువుతున్నాను. అందులో పద్నాలుగేళ్లు స్ట్రూవన్ గెడ్డెస్ పేరు చదివాను. గొప్ప ఆటగాడేం కాదు. గొప్పవాడని ఎవరైనా అంటే వాడే ముందు నవ్వేవాడు. మధ్య వరుసలో నిలబడి, ఎదుటివాళ్ల కాళ్ల దగ్గర బంతి లాక్కుని, తనకన్నా బాగా ఆడేవాడికి అందించడం వాడి పని. వారమంతా వడ్రంగం, మంగళ గురువారాల సాయంత్రం సాధన, శనివారం ఆట. మేం నాలుగో డివిజన్‌కు జారినప్పుడు మంచివాళ్లంతా వేరే క్లబ్బులు చూసుకున్నారు. వీడు ఉండిపోయాడు. ఎందుకున్నావురా అంటే, "రమ్మన్నవాళ్లు లేరు ముసలాయనా" అన్నాడు.

మే నెలలో సీజన్ అయిపోగానే మా ఛైర్మన్ వాడిని ఆఫీసులోకి పిలిచి టీ ఇచ్చాడు. మా క్లబ్బులో టీ ఇచ్చారంటే సాగనంపుతున్నారని అర్థం. ముప్పై అయిదేళ్లు, అరిగిపోయిన మోకాలు. మూడు నిమిషాల్లో తేల్చేశాడు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చేతిలో పనుందిగా, ఇక ఇంటిపట్టున ఉండొచ్చుగా అన్నారు చాలామంది. శనివారం లేకపోతే వాడికి మిగతా ఆరు రోజులూ ఎందుకు? జూలై అంతా ఫోన్లు చేశాడు. చివరికి ఆర్డ్‌ముయిర్ జట్టు కోచ్ మెల్‌డ్రమ్ ఒప్పుకున్నాడు. ఒక్క ఆట ఆడించి చూస్తాడు, నచ్చితే ఈ సీజన్‌కు సంతకం. ఆ ఒక్క ఆట మా మైదానంలోనే పడింది.

సంతకం కానివాడికి మా లీగులో పేరుండదు. జాబితాలో 'ట్రయలిస్ట్', అంటే పరీక్షకు ఆడేవాడు, అని రాస్తారు, నేనూ అలాగే చదవాలి. వాడు ఊరందరికీ తెలిసినా అంతే.

ఆగస్టు వాన. మూడు వందల మంది. "పదహారో నంబరు, ట్రయలిస్ట్" అని చదివాను. మాంసం కూరిన రొట్టెలు అమ్మే కొట్టు దగ్గర నవ్వులు లేచాయి.

"ఏరా ట్రయలిస్టూ, మా ఊరికి కొత్తా? బస్టాండ్ ఎటో చెప్పమంటావా?"

"చేతికర్ర ఎక్కడ వదిలేసొచ్చావురా?"

ప్రేమతోనే అన్నారు. వాడూ చెయ్యి ఊపాడు. ఇరవై నిమిషాలు బాగానే ఆడాడు. తర్వాత మా కాలమ్ రెన్నీ, వాడి స్థానంలోకి తీసుకున్న మనిషి, వాడిని దాటుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గోల్. అక్కడితో ఎగతాళి ఆగిపోయింది. మా ఊళ్లో ఒకణ్ణి ఎగతాళి చేయడం మానేశారంటే అంతకన్నా ఘోరం లేదు.

యాభై ఎనిమిదో నిమిషంలో వాడిని ఆటలోంచి తీసేశారు. బయటికి వచ్చేది ఎవరో నేను మైకులో చెప్పాలి. పేరు నా నోటిదాకా వచ్చింది. చెబితే అందరూ లేచి చప్పట్లు కొట్టేవాళ్లు, అదైనా దక్కేది. పక్కనే ఉన్న ఛైర్మన్, "కాగితంలో ఉన్నదే చదువు, వాటీ" అని నన్ను పేరుపెట్టి హెచ్చరించాడు. చదివాను. పిరికివాణ్ణి, ఇంకేం చెప్పను.

వాడు తల దించుకుని లోపలికి వెళ్లాడు. ఆట అయ్యాక దిగి చూస్తే, మా జట్టు గదిలో, తన పాత చోట, కొక్కేనికి వేలాడుతున్న కాలమ్ చొక్కా కింద కూర్చుని ఉన్నాడు.

"అబ్బాయ్, మీ గది అటుంది" అన్నాను.

"కూర్చున్నాక తెలిసింది. లేవలేకపోయాను."

"నీ పేరు చెప్పాల్సిందిరా."

"చెప్పకపోవడమే నయం ముసలాయనా. పేరు లేదు కాబట్టి ఈ ఆట ఆడింది నేను కాదనుకుంటా."

మావాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ల వెనకే మెల్‌డ్రమ్ వాడిని వెతుక్కుంటూ వచ్చాడు.

"స్ట్రూవన్, ఒకసారి బయటికి రా."

"ఇక్కడే చెప్పండి. అందరూ మావాళ్లే."

మెల్‌డ్రమ్ కుదరదని చెప్పేశాడు. వాడు సరేనని తలూపి, బూట్లు విప్పుకోవడానికి వంగాడు. తడిసిన ముడి ఎంత లాగినా రాలేదు. అందరం చూస్తూ ఉండిపోయాం. చివరికి కాలమ్ ముందుకొచ్చి, నేల మీద మోకరిల్లి, ఆ ముడి విప్పాడు.