మాఫీ అడిగితేనే వస్తానన్నాడు

మా బాపు పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బితే, గజ్జల దగ్గర చిన్న గాటు పెట్టి లోపలికి గొట్టం పంపి బిగించారు. తీగల మీద పాలిస్టర్ బట్ట తొడిగిన గొట్టం అది. ఆ మాట డాక్టర్ నోటివెంట రాగానే బాపు మంచం మీదే పకపకా నవ్వాడు.

"నలభై ఏండ్లు సూరత్‌ల పాలిస్టర్ నేస్తి. ఆఖరికి నా కడుపులనే పెట్టిండ్రా?"

ఏటేటా స్కాన్ తీయించాలి, గొట్టం జారొచ్చు, పక్కనుంచి రక్తం కారొచ్చు అని డాక్టర్ ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఎవరికి చెప్పాడు? పవర్‌లూమ్ షెడ్డులో మాస్టర్‌గా చేసి, తప్పు నేసినవాడి చేత అందరి ముందూ మాఫీ చెప్పించుకున్న మహానుభావుడికి! మగ్గం మీంచి దిగిన బట్ట చుట్టను మేం తాకా అంటాం. "పాసైన తాకాను మల్ల ఇప్పి చూసేటోడు రేటు కోసెతందుకే చూస్తడు" అని రెండేళ్లు ఆస్పత్రి గడప తొక్కలేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అమ్మ బతిమాలితే చెంబు విసిరాడు.

మూడో ఏడు కళ్లద్దాలకని అబద్ధం చెప్పి, మేముండే నవాగామ్‌లో ఆటో ఎక్కించి స్కానింగ్‌కు తీసుకుపోయాను. గొట్టం పైఅంచు కిందికి జారింది. ఆ సందులోంచి రక్తం పోయి పోయి, ఉబ్బు మొదటికంటే పెద్దదైంది. వారంలోపు చేర్చండి, పగిలితే మనిషి దక్కడు అన్నాడు డాక్టర్. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ముందే మా బాపును గాడిద అన్నాను, హిందీలో, నర్సుకు కూడా అర్థమయ్యేలా.

ఇంటికొచ్చాక బాపు చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు.

"పరాయోని ముందల నన్ను గాడిదంటవా? మాఫ్ చెయ్ బాపూ అను. అప్పుడొస్త దవాఖానకు."

నేను అనలేదు. పదో తరగతి పరీక్షనాడు నన్ను బడికి పోనీయకుండా షెడ్డులో దారం బాబిన్లు చుట్టడానికి కూర్చోబెట్టాడు. దానికి ఎన్నడైనా మాఫీ అడిగాడా? అమ్మ నా గడ్డం పట్టుకుంది. "ఒక్క మాటనే గద బిడ్డా, నీ నోటి ముత్యాలు రాల్తయా?" అంది. రాలతాయి అన్నాను.

రెండు రోజులు ఆయన కడుపు మీద చెయ్యి వేసుకుని, నేను గదిలోకి వచ్చినప్పుడల్లా నా మొహంలోకి చూశాడు. భయపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. నాకు సంతోషంగా ఉండింది. ఇంకో రోజు భయపడనీ, అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున చాయ్ తాగుతూ ఒక్కసారిగా నేల మీదికి ఒరిగాడు. ఒళ్లంతా చెమట, మొహం సున్నం కొట్టినట్టయింది. అమ్మ అంబులెన్సుకు ఫోన్ చేయడానికి బయటికి ఉరికింది. నేను ఆయన పక్కన కూలబడ్డాను.

"మాఫ్ చెయ్ బాపూ. పోదాం."

ఆయన పళ్లు బిగబట్టి నా వైపు చూశాడు.

"జర గట్టిగ. మీ అమ్మకు ఇనవడాలె."

అరిచాను. గొంతు చించుకుని మళ్లీ మళ్లీ అరిచాను. కింది అంతస్తువాళ్లు కూడా తలుపులు తీశారు. అమ్మ వచ్చి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇగ ఒర్లకే," అంది. "ఆయినకు ఇనవడ్తలేదు."